మాబున్నీ చిన్నమ్మ తప్పిన ఒట్టు

మొన్న ప్రొద్దుటూరులో ఒక మేడ మీద ఎండకు వేసిన పాత నూలు చీరల వాసన తగలగానే నా కాళ్లు ఆగిపోయాయి. మా పక్కింటి మాబున్నీ చిన్నమ్మ ఇంటి వాసన అది. ఆమె పాత చీరలతో బొంతలు కుట్టి బతికేది. భర్త పోయాడు, పిల్లలు లేరు. చిన్నప్పుడు వచ్చిన మశూచి ఆమె ముఖమంతా గుంటలు పెట్టి పోయింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, నాకు పదేళ్లప్పుడు, మా అమ్మకు ఆమెకంటే దగ్గరి మనిషి లేదు. రెండిళ్ల పెరళ్ల మధ్య నడుమెత్తు గోడ. కూర గిన్నెలూ కబుర్లూ దాని మీదుగానే అటూ ఇటూ నడిచేవి.

ఆ వేసవిలో ఐదేళ్ల మా తమ్ముడు సీనుకు జ్వరం వచ్చి ఒళ్లంతా పొక్కులు లేచాయి. బయటికి తెలిస్తే మునిసిపాలిటీవాళ్లు ఊరవతలి రేకుల షెడ్డుకు తీసుకుపోతారు. అక్కడికి పోయిన పిల్లలు తిరిగిరారని అమ్మ భయం. నాన్న బట్టల మూటలతో పులివెందుల వైపు పల్లెలు తిరుగుతున్నాడు. అమ్మ వీధి తలుపు గడియ వేసింది. పెరటి వైపు నుంచి వచ్చిన చిన్నమ్మ వాణ్ని చూడగానే మశూచి అని పోల్చుకుంది.

"ఎవురికీ చెప్పనని నా బిడ్డ మీద ఒట్టెయ్," అంది అమ్మ. ఆమె ఏడుపు చూడలేక చిన్నమ్మ ఒట్టు వేసింది. రెండు రోజులు వాడి పక్కనే కూర్చుంది. మూడోనాడు నోరు విప్పింది.

"అక్కా, సందు నిండా పిల్లోల్లుండారు. నీ చంకలో పసిబిడ్డుండాది. అందరికీ టీకాలెయ్యల్ల. చెప్పేద్దాం."

"చెప్తే మల్లా నా గడప తొక్కొద్దు."

మర్నాడు పొద్దున్నే చిన్నమ్మ మునిసిపాలిటీ ఆఫీసుకు వెళ్లి చెప్పింది. మధ్యాహ్నానికి మా వాకిట్లో బండి ఆగింది. "బిడ్డ మీద ఒట్టేసింటివి గదే!" అని అమ్మ నేల మీద కూలబడింది. చిన్నమ్మ ఒక బొంత చుట్టి చంకన పెట్టుకుని సీనును ఎత్తుకుంది.

"వానితో నేను పోతా. నాకు వచ్చిపోయిన రోగం, మల్లా రాదు. పసిదాన్ని ఇడ్చిపెట్టి నువ్వు రాలేవు."

ఆమె నాలుగు వారాలు ఆ షెడ్డులోనే ఉంది. టీకా వేసుకున్న నేను గంజి తీసుకుపోయి కంచె దగ్గర పెట్టి వచ్చేదాన్ని. "ఈ పొద్దు రెండు గుక్కలు తాగినాడని మీ యమ్మకు చెప్పు," అని దూరం నుంచే కేకేసేది. సందులో ఇంకెవరికీ రోగం సోకలేదు. సీను బతికాడు, ఒక కన్ను పోయింది. అమ్మ వాణ్ని అందుకుంది గానీ ఆమెను పలకరించలేదు.

ఒకనాడు ఉండబట్టలేక అడిగాను: "సీను చచ్చిపోయింటే ఏం చేసేదానివి చిన్నమ్మా?"

ఆమె చేతిలో సూది ఆగింది. "మీ యమ్మ జన్మలో నా మొగం చూసేది కాదు. అయినా చెప్పేదాన్నే పాపా. చెప్పినాక ఇంట్లో కూకునేదాన్ని మాత్రం కాదు."

దాదాపు ఏడాది గడిచాక, నడక నేర్చిన మా చెల్లెల్ని అమ్మ గోడ మీదుగా అందించి, "పట్టుకో, నాకు పనుండాది," అంది. చిన్నమ్మ పాపను గుండెలకు అదుముకుని లోపలికి వెళ్లిపోయింది.

నేను పెద్దయ్యాక జమ్మలమడుగులో టీచరునయ్యాను. పక్క వాటాలో ఉండే నా స్నేహితురాలు మా బడిలోనే ఒకటో తరగతికి పాఠాలు చెప్పేది. తనకు క్షయ ఉందని దాచి, నన్నూ దాచమంది. రెండు రోజులు బతిమాలి, వినకపోతే హెడ్మాస్టరుకు చెప్పేశాను. ఆమె నన్ను అనరాని మాటలంది. మరుసటి వారం ఆమె ఆస్పత్రికి బయలుదేరితే నేనూ బస్సెక్కాను. మూడు ప్రయాణాలు ఆమె ముఖం తిప్పుకునే కూర్చుంది. నాలుగోసారి జరిగి చోటిచ్చింది.