తాతకు దక్కాల్సిన కార్జం

తెల్లవారుజామున గిన్నెలోంచి ఒక్క కార్జం ముక్క తీసుకున్నందుకు పెద్దనాయిన నా చేతి మీద కొట్టాడు. "సిగ్గుండాలె. మా నాయిన ముట్టకముందే నువ్వు ముడ్తవా?" అని నలుగురి ముందు అడిగాడు. ఆ నలుగురూ ఎవరో నాకు ఇప్పటికీ గుర్తే. నవ్వింది ఎవరో కూడా.

ఆ రోజు పెత్రమాస, పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండిపెట్టే అమావాస్య. తాతకు కార్జమంటే, అదే మేక లివరంటే, ప్రాణం. ఆఖరి రోజుల్లో డాక్టరు వద్దన్నాడని ఎవరూ పెట్టలేదు. అడిగి అడిగి పోయాడు. అప్పటి నుంచి బాపమ్మ ఏటా తానే వండి, మా ఊరి పాత బొందలగడ్డకు తీసుకెళ్లి ఆయన సమాధి మీద పెడుతుంది. ఆ కూర ఇంకెవరైనా ముందు తింటే ఆయనకు చేరదని ఆమె నమ్మకం.

జనగామ నుంచి అందరం ఆటోలో బయల్దేరాం. రఘునాథపల్లి దగ్గర రోడ్డు బంద్. ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు.

"జర జరుగుండ్రి తమ్మీ, బొందలగడ్డకు పోవాలె," అన్నాడు పెద్దనాయిన.

"అందరం ఆడికే పోతం గదనే, తొందరేంది?" అన్నాడొకడు. గుంపంతా నవ్వింది.

తర్వాత ఆయన చేతికి మైకిచ్చారు. ఇవ్వకూడని మనిషికి ఇచ్చారు. మాట్లాడుతుండగా ఊపొచ్చి, "ఉద్యమకారులకు మా ఇంటి కూర!" అని ప్రకటించాడు. బాపమ్మ అవతల ఆడవాళ్లతో ముచ్చట్లలో ఉంది. ఆమె వచ్చేసరికి గిన్నె అడుగు కనబడుతోంది. నా చేతి మీద కొట్టిన మనిషే గరిటెతో వడ్డిస్తున్నాడు. నాకు మాత్రం వేయలేదు.

"నీ నోట్ల మన్నువడ! మీ నాయినకేం బెట్టాల్రా ఇప్పుడు?"

"తెలంగాణ కోసమేనే అవ్వా!"

"తెలంగాణ కార్జం అడిగిందారా?"

ఉద్యమకారులు సిగ్గుపడి ఇంత పులిహోర కట్టిచ్చారు. బతికినన్నాళ్లూ పులిహోరను పసుపన్నం అని వెక్కిరించిన తాతకు అదే విస్తరిలో పెట్టాం. కాకులు చూసి కూడా దిగలేదు.

పక్క సమాధి మా పొలం గెట్టు లోపలికి జరిపిన మనిషిది. అతని విస్తరి నిండా మాంసం. పిట్ట ముట్టాలని అతని వాళ్లు దూరంగా వేపచెట్టు కింద నిలబడ్డారు. బాపమ్మ ఆ విస్తరి మీదికి వంగింది.

"ఇంకా ఎవ్వలు ముట్టలె," అని, వేళ్లతో వెతికి కార్జం ముక్కలన్నీ ఏరి తాత విస్తరిలో వేసింది.

"ఓ అవ్వా! ఏంజేస్తున్నవ్?" అని అరిచాడు అతని కొడుకు.

"గెట్టు సరిజేస్తున్న బిడ్డా!"

అతను రెండడుగులు ముందుకేసి, మళ్లీ వేపచెట్టు కిందికే వెళ్లాడు. కాసేపటికి ఒక కాకి దిగి, పులిహోర పక్కకు చిమ్మి, ముక్క నోట కరుచుకుని లేచింది. బాపమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది.

"తిన్నడు. పాండ్రి."