దిబ్బరొట్టెకి పోయిన నీటి వంతు

"పనసపొట్టు రోజులు వచ్చేశాయి, వచ్చి తిని పోవే" అని నాగమణి ఫోన్ చేసిన మూడో రోజున బయల్దేరాను. నాగమణీ నేనూ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు కలిసి చదివాం. నేను విజయవాడలో రక్తపరీక్షలు చేస్తూ ఉండిపోయాను. తను కోనసీమ రైతుని చేసుకుని కొబ్బరిచెట్ల నీడన స్థిరపడింది. "ఓ కూర కోసం అంత దూరమా?" అన్నారు మావారు. కూర కోసం కాకపోతే మనుషులు ఇంకెందుకు ప్రయాణాలు చేస్తారో నాకు తెలియదు.

శనివారం ఉదయం ఆరుంబావుకి విజయవాడలో ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి సున్నా టికెట్టు. సిద్ధాంతం వంతెన మీద గోదావరి కనపడగానే బస్సులో సగంమంది దండం పెట్టారు, సగంమంది ఫోన్లు తీశారు. నేను రెండూ చేశాను. పదింటికి రావులపాలెంలో దిగి, రెండు ఇడ్లీలు తిని, టీ తాగి, అమలాపురం బస్సెక్కాను.

కొత్తపేటలో ఎక్కిన ఒక పెద్దావిడ రెండు లేత పనసకాయలు ఒళ్ళో పెట్టుకుని నా పక్కన కూర్చుంది. పొట్టు కొట్టడం కూడా నేర్చుకోవాలని ఉందన్నాను.

"చుట్టం చేత కత్తి పట్టిస్తారేంటండీ? తినడమే మీ పనండి. ఆ పని సరిగ్గా చేసేరంటే చాలు" అంది.

కిటికీ అవతల మామిడి చెట్లు ఆకు కనపడనంత పూత పూసి ఉన్నాయి. రెండో పంట దాళ్వా వరి పచ్చగా నిలబడింది. ఒకచోట బాతుల మంద రోడ్డు దాటుతుంటే డ్రైవరు హారన్ కొట్టకుండా ఆపేశాడు. ఎవరూ విసుక్కోలేదు. నా ప్రాణానికి అక్కడే సెలవు మొదలైంది.

అమలాపురం నుంచి రాజోలు వైపు షేర్ ఆటో. ఒంటిగంటకి నాగమణి ఇల్లు చేరాను. వాళ్ళాయన సూరిబాబు గారు గేటు దాకా ఎదురొచ్చి, "రండి చెల్లెమ్మా, ఎండలో వచ్చేరు" అని బొండం కొట్టి చేతికిచ్చారు. సాయంత్రం ముగ్గురం కాలవగట్టు మీద నడిచాం. కాలవలో నీళ్ళు అడుగున పాకుతున్నాయి. ఇంటికి రాగానే సూరిబాబు గారు పార కడిగి గుమ్మం పక్కన ఆనించారు. ఎందుకని అడగాలని నాకు తోచలేదు.

ఆదివారం ఆరున్నరకి నేను స్నానం చేసి వచ్చేసరికి ఆయన తలపాగా చుట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వంటింట్లో నాగమణి దిబ్బరొట్టె వేస్తోంది. మినప్పిండి, బియ్యపురవ్వ కలిపి మందపాటి మూకుడులో పోసి మూత పెడుతుంది. సన్నసెగ మీద అరగంట దాని జోలికి పోకూడదు. "చుట్టం తినకుండా ఎలా వెళ్తానండీ" అని సూరిబాబు గారు కూర్చుండిపోయారు. రొట్టె వచ్చింది. పైన ఎర్రటి పెచ్చు, లోపల మెత్తన, పక్కన చెరకు పానకం. నేను ఒక ముక్క తిన్నాను, రెండోది అడిగి తిన్నాను, మూడోదానికి బెజవాడ ట్రాఫిక్ కబుర్లు నంజుకున్నాను. ఆయన "ఆయ్, ఆయ్" అంటూ వింటూనే గోడ గడియారం వైపు చూస్తున్నారు. ఆ చూపు నాకు కనపడింది. బుర్రకెక్కలేదు.

ఏడూ నలభైకి ఫోన్ మోగింది. ఆయన మూడుసార్లు "ఆయ్" అని పెట్టేశారు. నాగమణి ముఖం మాడిపోయింది. వంటింట్లోకి లాక్కెళ్ళి అడిగితే చెప్పింది. దాళ్వాలో కాలవ నీళ్ళు చాలవు కాబట్టి వంతులు. చేలకి నీళ్ళు తెచ్చే బోదె మీద ఈవేళ ఏడు నుంచి పది దాకా వీళ్ళ వంతు. ఏడింటికి తూము దగ్గర పారతో మనిషి ఉండాలి. అరగంట చూసి రాకపోతే తరవాతి రైతు నీళ్ళు తన చేనుకి తిప్పుకుంటాడు. మళ్ళీ వంతు ఐదు రోజులకి. వరి పొట్ట మీద ఉంది, ఇప్పుడు నీరందకపోతే గింజ బదులు తాలే.

"చెప్పొచ్చు కదే!"

"తినే మనిషిని తొందరపెడతామా?"

నాకు సిగ్గేసింది. పార తీసుకుని బయల్దేరిన సూరిబాబు గారి వెనకాలే పరుగులాంటి నడకతో చేనుకి వెళ్ళాను. మళ్ళు వేలు దూరేంత నెర్రెలిచ్చి ఉన్నాయి. తూము దగ్గర తర్వాతి వంతు రైతు వీర్రాజు గారు మోకాలిలోతు నీళ్ళలో నిలబడి ఉన్నారు. తెల్లటి మీసాలు, తలకి తువ్వాలు.

"ఏంటండీ సూరిబాబు గారూ, ఇంతసేపూ చూసేను. ఫోన్ చేసి మరీ ఇప్పుడే తిప్పుకున్నానండి."

"తప్పు నాదేనండి. మెలకువ రాలేదండి. మీరే పెట్టుకోండి" అన్నారు సూరిబాబు గారు.

ఆరున్నరకే తలపాగా చుట్టిన మనిషి! నాకు ఆగలేదు.

"అబద్ధమండీ! నాకోసం దిబ్బరొట్టె వేశారు. నేను తింటూ కూర్చున్నాను, ఈయన లేవలేకపోయారు" అన్నాను.

వీర్రాజు గారు నన్ను ఎగాదిగా చూశారు. "దిబ్బరొట్టా? పానకంతోనా?"

"ఆయ్" అన్నాను, నాకు తెలియకుండానే.

"మరి చెప్పరేంటండీ! చుట్టం తింటావుంటే లేచొచ్చేస్తారా ఎవరైనా? పెట్టుకోండి సూరిబాబు గారూ. నా చేను ఇంకో పూట ఆగుద్దండి" అంటూ తన గండి పూడ్చేశారు.

"వద్దండి, వంతు వంతేనండి."

"నేను చెప్తున్నాను కదండీ."

"మీ మాట కాదనలేనండి, అయినా వద్దండి."

ఇద్దరూ పారలు పట్టుకుని ఒకరినొకరు బతిమాలుకుంటున్నారు. ఈలోగా నీళ్ళు ఎవరి చేనుకీ కాకుండా పక్కనున్న మురుగుకాలవలోకి దారి చేసుకున్నాయి.

"అయ్యా, నీళ్ళు పోతున్నాయండీ!" అని అరిచాను.

ఇద్దరూ ఒకేసారి దూకి గట్టు కట్టారు. బోదె సూరిబాబు గారి చేను వైపు తిరిగింది. నెర్రెల్లోకి నీరు బుడబుడమని దిగుతుంటే గట్టు మీద కూర్చుని చూశాను. అంతకంటే మంచి చప్పుడు ఈమధ్య వినలేదు.

పది దాటింది. చివరి మడి ఇంకా తడవలేదు. వంతు అయిపోయిందని నీళ్ళు తిప్పేయడానికి సూరిబాబు గారు పార పట్టుకుని లేచారు. వీర్రాజు గారు కొబ్బరి గెలల వైపు చూస్తూ, "నా ఫోన్లో ఛార్జింగు అయిపోయిందండి, టైమెంతయిందో తెలీట్లేదు" అన్నారు. ఆయన జేబులో ఫోన్ అప్పుడే మోగింది. తీయలేదు. నాకు ఆయన కాళ్ళకి దండం పెట్టాలనిపించింది.

"కానీ ఒక షరతండీ. మా ఇంట్లో భోంచేసి వెళ్ళాలి" అన్నారు నాతో.

అలా పదకొండున్నరకి వీర్రాజు గారింట్లో ఆవపెట్టిన పనసపొట్టు కూర, ఒంటిగంటకి నాగమణి ఇంట్లో మళ్ళీ అదే కూర. చేసిన తప్పుకి తిండే శిక్ష. బస్సులో పెద్దావిడ చెప్పిన పని రెండుసార్లు సరిగ్గానే చేశాను.

రెండున్నరకి అమలాపురంలో బస్సెక్కాను. ఒళ్ళో కూర క్యారియరు, కాళ్ళ దగ్గర వద్దన్నా పెట్టిన నాలుగు కొబ్బరికాయలు. రావులపాలెంలో బస్సు మారేసరికి నాగమణి ఫొటో పంపింది. చివరి మడి మూల దాకా నీళ్ళు, వాటిలో ఇద్దరు మగవాళ్ళ నీడలు. కింద ఇలా రాసింది: "పన్నెండింటి దాకా మనకే వదిలేసేరు. ఇప్పుడు ఈయన వెళ్ళి వాళ్ళ చేనుకి నీళ్ళు పెడుతున్నారు."

మీరూ ఈ రోజుల్లో అటు వెళ్ళండి. మామిడి పూత, పనసపొట్టు, కాలవగట్టు మీద నడక, అన్నీ నేను చెప్పినదానికంటే బాగుంటాయి. కాకపోతే పొద్దున్నే పళ్ళెం ముందు కూర్చోబోయే ముందు ఒక్కమాట అడగండి: "ఈవేళ మీ వంతా అండీ?" కాదనే చెబుతారు. గుమ్మం పక్కన పార ఉందేమో చూసుకుని, తొందరగా తినండి.