అత్తయ్య బండి, నాయనమ్మ సాక్ష్యం

ఆకుపచ్చ దారం తెమ్మంటే మా నాన్న ఏదో ఒక ఆకుపచ్చ దారం తెచ్చేవాడు. గొడవ అక్కడ మొదలయ్యేది.

"ఇది చిలకపచ్చ అన్నయ్యా. నేను చెప్పింది అరిటాకు పచ్చ."

"రెండూ పచ్చే కదే. కుట్టేశాక ఎవడు చూస్తాడు?"

"కట్టుకున్నావిడ చూస్తుంది. కుట్టిన నేను చూస్తాను. ఇంకెవరు చూడాలి?"

నాన్న తల గోక్కుని మళ్లీ సైకిలెక్కేవాడు. ఈసారి ముదురు పచ్చ తెచ్చేవాడు. అప్పుడిక అత్తయ్య నోరు మూసుకుని ఆ దారమే సూదికి ఎక్కించేది. జాకెట్టు పూర్తయ్యేదాకా ఆవిడ మొహం చూడలేకపోయేవాళ్లం.

అత్తయ్య మా నాన్నకు సొంత చెల్లెలు. పసితనంలో పోలియో వచ్చి రెండు కాళ్లూ చచ్చుబడ్డాయి. దివిసీమలో మా ఊరి నుంచి అవనిగడ్డకు కాలవ గట్టు వెంట సైకిలు మీద వెళ్లి రావచ్చు. ఆవిడకు మాత్రం ఆ అవనిగడ్డే అమెరికా అంత దూరం. వసారాలో చాప మీద కూర్చుని, చేత్తో తిప్పే కుట్టుమిషను ముందు పెట్టుకుని పొద్దుటి నుంచీ జాకెట్లు కుడుతూ ఉండేది. చక్రం తిప్పీ తిప్పీ ఆవిడ చేతులు మా నాన్న చేతుల కంటే గట్టిగా ఉండేవి. చిన్నప్పుడు ఆ చేత్తో నా వీపు మీద ఒకటిస్తే సాయంత్రం దాకా చురుక్కుమనేది.

నేను బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న రోజులవి. వికలాంగులకు ప్రభుత్వం మూడు చక్రాల బళ్లు ఇస్తోందనీ, పెద్దాసుపత్రిలో డాక్టర్లు చూసి నడవలేరని సర్టిఫికెట్ ఇస్తే పైసా ఖర్చు లేకుండా బండి వస్తుందనీ మా క్లాసమ్మాయి ఒకతె చెప్పింది. పెడనలో వాళ్ల బాబాయికి అలాగే వచ్చిందట. పెడల్ని కాళ్లతో కాకుండా చేత్తో తిప్పుతారని ఆ అమ్మాయి అనగానే నాకు అత్తయ్య చేతులు గుర్తొచ్చాయి. ఆ శనివారమే బస్సెక్కి ఇంటికెళ్లి చెప్పాను.

అత్తయ్య మిషను ఆపింది. "చేత్తోనేనా?"

"చేత్తోనే."

"గట్టు ఎక్కుతుందా?"

"నువ్వు తిప్పితే ఎక్కదూ?"

ఆ రోజు నాన్న తెచ్చిన చిలకపచ్చ దారానికి ఆవిడ వంక పెట్టలేదు. ఎంత ఆశపడిందో నాకు అప్పుడే తెలిసింది.

మధ్యలో మా నాయనమ్మ ఉందని మాత్రం నాకు తోచలేదు.

నాయనమ్మ గురించి కొంచెం చెప్పాలి. మాది క్రైస్తవ కుటుంబం. మా చర్చిలో ఆదివారం ప్రసంగానికి ముందు సాక్ష్యాలుంటాయి. దేవుడు తమకు చేసిన మేలు ఏదైనా ఉంటే లేచి నిలబడి నలుగురికీ చెప్పాలి. అత్తయ్యకు పదేళ్లప్పుడు గుడివాడలో పెద్ద పందిరి వేసి స్వస్థత కూటాలు పెట్టారు. నాయనమ్మ కూతుర్ని చంకనేసుకుని వెళ్లింది. ప్రార్థన జరుగుతుండగా అత్తయ్య లేచి రెండడుగులు వేసిందని నాయనమ్మ చెబుతుంది. పక్కావిడ ఎవరో నడుం పట్టుకుని లేపితే ముందుకు తూలి అమ్మ ఒళ్లో పడ్డానని అత్తయ్య చెబుతుంది. నాయనమ్మ మాత్రం ఆ రోజు నుంచీ చర్చిలో లేచి, "ప్రభువు కృప వల్ల నా బిడ్డ నడిచింది" అని సాక్ష్యం చెబుతూనే ఉంది. అందరూ "స్తోత్రం" అనేవారు. ఆ నడిచిన బిడ్డను చర్చిలోకి మోసుకొచ్చి చాప మీద కూర్చోబెట్టిన మా నాన్న కూడా స్తోత్రం అనేవాడు. ఇందులో తేడా ఉందని మా ఊళ్లో ఎవరికీ అనిపించలేదు. నాకు కూడా అనిపించలేదు, వినీ వినీ అలవాటైపోయింది.

పెద్దాసుపత్రిలో వికలాంగుల క్యాంపు పెట్టిన రోజు పులిగడ్డ దాటి, చల్లపల్లి మీదుగా బందరు చేరాం. నాయనమ్మ చర్చికి కట్టుకునే తెల్ల చీర కట్టుకుంది. అత్తయ్యకు తనే కుట్టుకున్న కొత్త జాకెట్టు. నాన్న అత్తయ్యను ఎత్తుకొచ్చి ఆసుపత్రి బల్ల మీద కూర్చోబెట్టి, బళ్లు ఎక్కడ ఇస్తారో కనుక్కుందామని వెళ్లాడు. లోపల మేం ముగ్గురమే ఉన్నాం. డాక్టరు గారు ముందు ఎంతమందిని చూశారో ఏమో, బాగా అలిసిపోయి ఉన్నారు. కాళ్లు చూశారు, నొక్కారు, చిన్న సుత్తితో మోకాలి మీద కొట్టారు. తర్వాత తల ఎత్తకుండానే అడిగారు.

"ఏం మామ్మగారూ, అమ్మాయి నడవగలదా?"

"నడుస్తుంది బాబూ" అంది నాయనమ్మ. "దేవుడి కృప వల్ల నడుస్తుంది."

డాక్టరు గారు తలెత్తి, "ఏదీ, నడవమనండి" అన్నారు. నాయనమ్మ కూతురి చంకల కింద చేతులు వేసి లేపింది. అత్తయ్య ఒక్క క్షణం వాళ్లమ్మ మొహంలోకి చూసింది. తర్వాత బల్ల అంచు రెండు చేతులతో పట్టుకుని, ఒళ్లంతా చేతుల మీద మోసుకుంటూ, కాళ్లను ఈడ్చుకుంటూ బల్ల ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లింది. కొత్త జాకెట్టు చెమటతో తడిసిపోయింది.

"ఊతంతో నడవగలదు" అని రాసేశారు ఆయన. బండికి కావాల్సిన వైకల్య శాతం రాలేదు. చంకకర్రలు ఇచ్చారు.

ఆ చంకకర్రలు పట్టుకుని బస్సులో కూర్చున్నప్పుడు నాకు వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. "మనం వెళ్లింది బండి కోసమా, సాక్ష్యం చెప్పడానికా?" అని నలుగురూ వినేలా అరిచాను. కండక్టరు కూడా తిరిగి చూశాడు.

నాయనమ్మ తడబడలేదు. "డాక్టరు దగ్గర ఒకలాగా, దేవుడి దగ్గర ఒకలాగా మాట్లాడమంటావా? నడవదని నా నోటితో అంటే పైనున్న ఆయన వినడా? ఇచ్చింది నాకొద్దని మొహాన కొట్టినట్టు కాదూ?"

ఇంటికొచ్చాక ఎవరూ లేకుండా చూసి, "నువ్వెందుకు లేచావత్తయ్యా? నావల్ల కాదని ఒక్క మాట అంటే పోయేదిగా" అని అడిగాను.

"డాక్టరు గారి ముందు మా అమ్మ అబద్ధమాడిందని అనిపించనా?" అంది. దారం పంటితో పుటుక్కున తెంపింది. "నీకు చెప్పినా అర్థం కాదులే. వెళ్లి కూర చూడు."

చంకకర్రలు మా గట్టు బురదలో దిగబడిపోయేవి. నెల తిరగకుండానే వాటిని చిక్కుడు పాదుకి ఊతంగా పాతాడు నాన్న. ఆ ఏడు చిక్కుళ్లు విరగ కాశాయి.

అమ్మను బయటివాళ్ల ముందు కాపాడింది కానీ, ఇంట్లో మాత్రం అత్తయ్య ఊరుకోలేదు. ఆవిడ కోపం విచిత్రంగా ఉండేది. మాట మానెయ్యదు, మర్యాద మొదలుపెడుతుంది. "అమ్మగారూ, కాస్త మంచినీళ్లు ఇస్తారా అండీ." "తమరు భోంచేశారా అండీ." కన్నతల్లిని అండీ అంటుంటే నాయనమ్మ విలవిల్లాడిపోయేది. "తిట్టవే, నాలుగు తిట్టు, ఆ అండీలు మాత్రం మానెయ్యి" అని బతిమాలేది. నేను సెలవులకు వెళ్లిన ప్రతిసారీ ఇదే వరస. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు.

చివరికి నాయనమ్మ ఒక పని చేసింది. ఎర్రటి ఎండలో గుడ్డ ముక్క ఒకటి కొంగున ముడేసుకుని, అవనిగడ్డ నడిచి వెళ్లి, తనే దారం తెచ్చింది. ఒకటి కాదు, కొట్టువాడు చూపించిన పచ్చలన్నీ తెచ్చింది. వసారాలో కూతురి ముందు వరసగా పేర్చి, పరీక్ష రాసిన పిల్లలా నిలబడింది. అత్తయ్య ఒక్కో రీలూ గుడ్డ మీద పెట్టి చూసింది. ఒక్కటీ కలవలేదు.

అత్తయ్య నవ్వడం మొదలుపెట్టింది. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేసింది. "అమ్మా, నాకు కావల్సింది దారం కాదే. ఆ కొట్టు కావాలి. కొట్టు ముందు ఆగి, రీళ్లన్నీ కిందికి దించించి, ఒక్కటీ బాగోలేదని మొహం చిట్లించి, ఏమీ కొనకుండా వచ్చెయ్యాలి. అందరాడవాళ్లూ చేసేదే. నేనూ చెయ్యాలి."

అందులో అండీ లేదు. నాయనమ్మ దాన్నైనా గమనించిందో లేదో. కూతురి పక్కనే చాప మీద చతికిలబడి చాలాసేపు రీళ్లు అటూ ఇటూ దొర్లిస్తూ కూర్చుంది.

మరుసటి ఏడాది మళ్లీ క్యాంపు వేశారు. ఈసారి అత్తయ్య ముందే చెప్పింది, "అమ్మా, నువ్వు బయట కూర్చో. లోపలికి రావద్దు" అని. నాయనమ్మ సరేనంది. మమ్మల్ని పిలవగానే మాత్రం లేచి మా వెనకాలే వచ్చేసింది. నేను కళ్లతో ఎంత వారించినా నా వైపు చూడలేదు.

ఈసారి వేరే డాక్టరు గారు ఉన్నారు. పాత కాయితం తిరగేసి, "పోయినసారి ఊతంతో నడిచినట్టు రాసుందేమ్మా?" అని అత్తయ్యను అడిగారు. అత్తయ్య నోరు తెరిచి, మళ్లీ మూసేసింది. నిజం చెబితే అమ్మ మాట పోతుంది, చెప్పకపోతే బండి పోతుంది. నేను అందుకుందామని ముందుకు వంగాను.

"ఆయన రాసింది తప్పు కాదు బాబూ" అంది నాయనమ్మ వెనక నుంచి. "చెప్పింది నేను. నా బిడ్డ నడవదు. ఎన్నడూ నడవలేదు. నడిచినట్టు నేను చూసుకున్నాను, అంతే."

ఆ మాట అని గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది. ఆవిడ పెదాలు కదులుతున్నాయి. దేవుడికి ఏం చెప్పుకుందో మేం అడగలేదు. నాకు మాత్రం ఆ క్షణంలో ఆవిడ కాళ్ల మీద పడాలనిపించింది. బస్సులో అరిచినప్పుడు ఆవిడ ఏం పోగొట్టుకోవలసి వస్తుందో నాకు తెలియదు.

డాక్టరు గారు ఆవిడకు కుర్చీ వేయించి, అత్తయ్య కాళ్లు మళ్లీ మొదటి నుంచీ చూశారు.

బండి మంజూరై రావడానికి వానాకాలం వచ్చింది. బందరు పక్క గిలకలదిండి చేపల రేవులో ఐసు దింపి తిరిగొస్తున్న వ్యానులో ఎక్కించుకుని తెచ్చాడు నాన్న. ఎర్ర సీటు, పక్కన గొలుసు, పైన రెండు చేతులతో తిప్పే పెడళ్లు. చేపల వాసన కొడుతోందని అందరం ముక్కులు మూసుకున్నాం. అత్తయ్య మాత్రం బండెక్కి ఇక దిగనంది. మొదటి రోజు కాలవలో పడబోయింది, రెండో రోజు పక్కింటి గడ్డివాములోకి పోనిచ్చింది. మూడో రోజుకి గట్టు ఎక్కింది.

ఆదివారం నాన్న ఎప్పటిలాగే ఎత్తుకోవడానికి వంగితే, "అవతలికి జరుగన్నయ్యా" అని బండిలో బయల్దేరింది. రాత్రంతా వాన పడి దారి బురద బురదగా ఉంది. నాన్నా, నాయనమ్మా, నేనూ వెనక నడిచాం. నెట్టబోతే తిట్టింది.

మా చర్చికి చెప్పుల్తో వెళ్లరు. చెప్పులు బయట విడిచి, పక్కనున్న బోరింగు దగ్గర కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లి చాపల మీద కూర్చుంటారు. అత్తయ్య గుమ్మం దాకా వచ్చేసరికి సంఘపెద్ద ఒకాయన ఎదురొచ్చారు. మంచాయనే. "బండి ఇక్కడ పెట్టేసి అమ్మాయిని ఎత్తుకెళ్లండి. చక్రాల నిండా బురద, లోపల చాపలున్నాయి కదా" అన్నారు.

ఆ మాటలో తప్పు లేదు. కానీ అత్తయ్య మొహం చిన్నబోయింది. చేతులు పెడళ్ల మీద అలాగే ఉండిపోయాయి. నాన్న ఎత్తుకోవడానికి వంగబోయి ఆగిపోయాడు.

నాయనమ్మ బోరింగు దగ్గరికి వెళ్లి బకెట్టు నింపుకొచ్చింది. తెల్ల చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని ఆ బురదలోనే కూర్చుని, ముందు చక్రం కడగడం మొదలుపెట్టింది. అందరూ చూస్తున్నారు. ఊచల మధ్య వేళ్లు దూర్చి మట్టి తీస్తోంది. అత్తయ్యకు ప్రాణం చచ్చిపోయినట్టయింది.

"అమ్మా, లేవవే. అందరూ చూస్తున్నారు. నా బండి నేను కడుక్కుంటాను."

నాయనమ్మ తలెత్తలేదు. వెనక చక్రం వైపు జరుగుతూ, మామూలుగానే అంది.

"ఉండవే. ఇంత వయసొచ్చింది, నీ కాళ్లకు మట్టి అంటితే కడిగే భాగ్యం నాకు ఎప్పుడు దక్కింది?"