ఎర్ర గుర్రం చెవి

గుర్రపు స్వారీ నేర్చుకున్న మొదటి ఏడాది గురించి నా డైరీలో పెద్దగా ఏమీ లేదు. జీను బిగించడం, మెల్లగా దౌడు, మోకాళ్ల నొప్పి. రెండో ఏడు దూకడం కూడా నేర్పమని అడిగింది నేనే. రిటైరయ్యాక, ఈ పరాయి దేశంలో బాతెల్ అనే ఊళ్లోని మా ఇంట్లో పగళ్లు మరీ పొడుగయ్యాయి. మావారు పోయి అప్పటికి మూడేళ్లు. శనివారం పొద్దున ఊరి బయట గుర్రాలశాలలో గడిపే ఆ ఒక్క గంట తప్ప, వారమంతా ఎవరితోనైనా మాట్లాడినట్టు డైరీలో కనబడదు.

పాఠం చెప్పే అమ్మాయి ఇక్కడే పుట్టిన తెలుగుపిల్ల. నాకు ఒక ఎర్ర ఆడగుర్రాన్ని ఇచ్చింది. అది బాగానే నడిచేది, పరుగెత్తేది. మోకాలెత్తు అడ్డకర్ర ఎదురైతే మాత్రం నాలుగు కాళ్లూ పాతేసినట్టు ఆగిపోయేది. రెండుసార్లు దాని మెడ మీదుగా జారి ఇసుకలో పడ్డాను.

"ఆంటీ, ఇంకొక్క లెసన్ చూద్దాం. నెక్స్ట్ వీక్ కూడా స్టాప్ అయితే మిమ్మల్ని ఆ ముసలి తెల్ల గుర్రం మీదికి మార్చేస్తా. అది నిద్రలో కూడా జంప్ చేస్తుంది."

"దాని మీద కూర్చుంటే నాకూ నిద్రొస్తుంది."

"మీ బోన్స్ గురించి చెప్తున్నా ఆంటీ, జోక్ కాదు."

నాకు ఆ ఎర్ర గుర్రమే కావాలి. నేను కారు దిగగానే కంచె దగ్గరికి వచ్చి జేబు వాసన చూసేది, క్యారట్ ఉన్నా లేకపోయినా. నన్ను వెతుక్కుంటూ వచ్చే ప్రాణి అదొక్కటే.

మందుల కంపెనీలో ఇరవై ఆరేళ్లు నాణ్యత తనిఖీ చేసినదాన్ని. ఆ వారమంతా కూర్చుని డైరీలోంచి ఒక పట్టిక తీశాను. ఏ రోజు, ఏ కర్ర, ఏ వైపు నుంచి, ఎన్ని అడుగుల ముందు ఆగింది, వాన ఉందా, గాలి ఉందా. తెల్లరంగు కర్రకే అది బెదురుతోందని తేల్చాను. శనివారం ఆ కాగితం అమ్మాయి చేతిలో పెట్టాను.

"వావ్," అంది పైనుంచి కిందికి చూసి. "ఇదంతా గుర్రం గురించే ఉంది. మీ కాలమ్ ఎక్కడ ఆంటీ?"

"నా కాలమ్ ఏమిటి?"

"అది ఆగే ముందు మీరు ఊపిరి ఆపేస్తారు. ఎవ్రీ టైమ్. లోపల కౌంట్ చేస్తారు కదా, వన్ టూ త్రీ అని? అప్పుడు రాయిలా అయిపోతారు. దానికి తెలుస్తుంది."

ఇతరుల పట్టికల్లో ఏ గడి వదిలేశారో పట్టుకోవడమే నా ఉద్యోగం. కాగితం వెనక్కి తీసుకుని మడిచి జేబులో పెట్టుకున్నాను.

"మాట్లాడండి. మాట్లాడితే బ్రీత్ చేయాల్సిందే."

"ఏం మాట్లాడను?"

"ఏదైనా. దానికి తెలుగు రాదు, నాకు సగమే వచ్చు. సో సేఫ్."

గుర్రం ఎక్కాక ఒక్క మాటా తోచలేదు. చివరికి నిన్నటి డైరీ పేజీ నోటికొచ్చింది. మావారు ఉన్నప్పుడు భోజనాల బల్ల దగ్గర రోజూ రాసింది పైకి చదివేదాన్ని. ఆయన బట్టలు మడతపెడుతూ "పాలు కాదు, పెరుగు తెచ్చాం" అని దిద్దేవారు. ఆయన పోయాక రాయడం మానలేదు గానీ చదవడం మానేశాను.

"శుక్రవారం," అన్నాను. గుర్రాన్ని అడ్డకర్ర వైపు దౌడు తీయించాను. "పొద్దున వాన. బట్టలు రెండు విడతలు ఉతికాను. వంకాయ కూర మిగిలిపోయింది. ఎవరూ ఫోన్ చేయలేదు."

గుర్రం కుడి చెవి నా వైపు వెనక్కి తిరిగింది.

"పక్కింటివాళ్ల చెత్త డబ్బా మన వాకిట్లోకి దొర్లుకొచ్చింది, తీసి..."

మాట పూర్తి కాకుండానే ఒంట్లో బరువంతా పోయినట్టయింది. మరుక్షణం జీను వచ్చి తగిలింది. తిరిగి చూస్తే అడ్డకర్ర ఎక్కడిదక్కడే ఉంది, మా వెనక.

"ఆంటీ! ఏం చెప్పారు దానికి?"

"చెత్త డబ్బా సంగతి."

"నెక్స్ట్ వీక్ రీసైక్లింగ్ చెప్పండి!"

ఆ పొద్దున ఇంకో మూడుసార్లు దూకాం. ఒక్కసారి ఆగింది, నేను మాట వెతుక్కుంటున్నప్పుడు. తెల్ల గుర్రం ప్రస్తావన మళ్లీ రాలేదు.

ఇంటికొచ్చి అంతా రాశాను. పైకి చదువుదామని నోరు తెరిచాను. ఎదురుగా ఆయన కుర్చీ ఖాళీగా ఉంది. ఆ పేజీకి గుర్తు పెట్టి పుస్తకం మూశాను. శనివారానికి ఇంకా ఏడు రోజులు.