మిరప ఏరే దినాల సెలవు

మా మిల్లు టైమ్‌కీపర్ సారు పోయిండని సోమవారం పొద్దున తెలిసింది. నాతోని నూలు వడికే రింగు ఫ్రేముల కాడ పనిచేసిన దోస్తు ఫోన్ చేసిండు. "సారు నిద్రలనే పోయిండట అన్నా, పుణ్యాత్ముడు" అన్నడు. "ఇనవడ్తాందా?" అన్నడు. ఇనవడ్డది అన్న.

ఆ పుణ్యాత్ముడు అన్న మాటకే ఇది రాస్తాన్న. పోయినోల్ల గురించి మంచే రాయాల్నంటరు. నాకు ఎరుకైంది నేను రాస్త.

డెబ్బైలల్ల నేను పరకాల దిక్కు ఊరి నుంచి వరంగల్ వచ్చి నూలు మిల్లుల చేరిన. ఏడో తరగతి దాక సదువు. ఊర్ల బాయి కింద ముప్పై గుంటల భూమి, దాంట్ల మిరప. మిల్లుల రెండు హాజరు పుస్తకాలు ఉండె. ఒకటి పర్మినెంటోల్లది, ఒకటి బదిలీలది. పర్మినెంటోడు రాని నాడు వాని జాగల పనిచేసెటోడు బదిలీ. పేరుకే అది. నేను తొమ్మిదేండ్లు ఒక్కటే ఫ్రేము మీద, ఒక్కటే షిఫ్టుల చేసిన. ఎవల జాగల చేస్తాన్ననో నాకు ఎవలూ చెప్పలే, నేను అడగలే.

సారు పర్మినెంటోల్లను సిరాతోని రాసెటోడు, మమ్ముల పెన్సిల్‌తోని. తెల్ల అంగీ, జేబుల ముక్కుపొడి డబ్బి. పేరు రాసే ముందు పెన్సిల్ మొన నాలుకకు తాకిచ్చుకునెటోడు. ఎవల్నీ తిట్టకపోయెటోడు. అందర్నీ బిడ్డా అనే పిలిచెటోడు. ఒక్కనాడన్న తిట్టి ఉంటే నాకు ఇయ్యాల ఇంత కోపం ఉండకపోవు.

ఏడాదిల ఇన్ని దినాలు తెగకుండ పనిచేసినోన్ని పర్మినెంటు పుస్తకంల రాయాల్నని కానూను ఉన్నది. అది మాకు ఎరుకలేదు. ఆయనకు ఎరుకే.

మొదటి ఏడు మిరప పండిన దినాలల్ల ఆయనే నన్ను పిలిచిండు.

"మీ దిక్కు మిరప ఏరుడు మొదలైందా బిడ్డా?"

"మొదలైంది సారు. ఇంటిది ఒక్కతే ఏర్తాంది."

"ఒక్కతే ఎన్నని ఏర్తది? పోయి ఇరువై దినాలు ఏరుకొని రా. మిల్లు యాడికి పోదు. భూమిని మర్సినోడు బాగుపడడు."

అట్లని ఒక చిట్టి ముందట పెట్టిండు. సదువుకోని సంతకం పెట్టమన్నడు. సదివిన. 'సొంత పని మీద మిల్లు పని విడిచి పోతున్నాను. తిరిగి వచ్చినప్పుడు కొత్తగా పనిలో పెట్టుకోగలరు' అని ఉన్నది. తతిమ్మ బదిలీలు వేలిముద్ర ఏసిండ్రు. నేను సంతకం పెట్టిన. నాకు సంతకం వచ్చునని సారు మురిసి భుజం తట్టిండు. కొత్తగా అన్న మాట నా కండ్ల ముందటనే ఉండె. మల్ల పనిల పెట్టుకుంటనని రాసిస్తాండు, ఎంత మంచోడు అనుకున్న.

తిరిగొచ్చేటప్పుడు మొదటి కోత కాయ, తాలు లేకుండ, గంపెడు మోసుకొచ్చి ఆయన ఇంట్ల దించిన. అట్ల ప్రతి ఏడు చిట్టి, సెలవు, గంప. మా ఇంటిదానికి మాత్రం మొదటి నుంచే అనుమానం.

"పర్మినెంటోల్లకు మూడు దినాల సెలవియ్యాల్నంటే ఏడ్సే మిల్లు నీకు ఇరువై దినాలు ఎందుకిస్తాంది? నువ్వేమన్న అల్లునివా వాల్లకు?"

"సారు మంచోడే" అన్న.

"మంచోడైతే గంప ఎందుకు మోస్తానవ్?"

ఆ ఏడు గూడ మోసిన.

నాలుగో ఏటికెల్లి ఆయన పిలిచే అవుసరం కూడ రాలే. నేనే పోయి అడిగెటోన్ని, జర సెలవియ్యి సారు అని. అదీ ఆయన పనితనం. పలుపు తెచ్చి ఆయన మన మెడల ఎయ్యడు. మనమే అడిగి ఏసుకుంటం.

ఎనభైలల్ల మిల్లుకు గిరాకీ తగ్గింది. బదిలీలు రేపటికెల్లి రావద్దన్నరు. పర్మినెంటోల్లను ముట్టలే. యూనియన్ల పెద్దమనిషి ఒకాయన చెప్తే అప్పుడు ఎరుకైంది ఆ కానూను సంగతి. ఆయనే నాతోని కేసు ఏయించిండు. నేను అడిగింది ఒక్కటే. తొమ్మిదేండ్లు చేసిన, నా పేరు పర్మినెంటు పుస్తకంల రాయాలె, నా ఫ్రేము నాకియ్యాలె.

హన్మకొండల లేబర్ ఆఫీసు. మిల్లు తరఫున సారే వచ్చిండు. తొమ్మిది చిట్టీలు బల్ల మీద వరుసగ పరిసిండు. మడత నలగకుంట దాసిండు అన్నేండ్లు. అన్నిటి మీద నా సంతకం, ఏటేటికి జర మంచిగైతాంది.

"ఈ మనిషిని మేము ఎల్లగొట్టలేదు సారు" అని ఆఫీసరుతోని అన్నడు. "పాపం ఎవుసం చేసుకునేటోడు. సంతోషంగ పోయెటోడు, సంతోషంగ వచ్చెటోడు. ప్రతి ఏడు మా ఇంటికి గంపెడు మిరపకాయలు తెచ్చెటోడు. కోపమున్నోడు తెస్తడా?"

కూసున్నోల్లు నవ్విండ్రు. ఆఫీసరు కూడ నవ్విండు. నా దిక్కు తిరిగి, నిజమేనా, సెలవు నువ్వే అడిగినవా అన్నడు. చెప్పాల్సింది చానా ఉండె. మొదటి ఏడు ఆయనే పిలిచిండని చెప్పాలె. నేను నేల దిక్కు సూసుకుంట, "అవును సారు" అన్న.

కేసు అక్కడ్నే పోయింది. కాయితాల ప్రకారం నేను తొమ్మిదేండ్లు పనిచేసినోన్ని కాదు. తొమ్మిదిమార్లు కొత్తగ చేరినోన్ని.

బయట చెప్పులేసుకుంటాంటే నా కాడికొచ్చిండు. "మనసుల పెట్టుకోకు బిడ్డా" అన్నడు. పెట్టుకున్న. ఇయ్యాల్టి దాక పెట్టుకున్న.

పైనోల్లు చెప్పింది చేసిండు, నౌకరి చేసెటోడు ఏం చేస్తడు అంటరు మా దోస్తులు. సరే, ఏటేటా మా దినాల లెక్క తెంపుమని పైనోల్లే చెప్పి ఉంటరు. మిరప ఏరే దినాలు సూసి చెయ్యుమని ఏ యజమానీ చెప్పలే. యజమానికి మిరప ఎప్పుడు పండుతదో కూడ ఎరుకలేదు. అది ఆయన సొంత తెలివి. వరి ఉన్నోన్ని నాట్లకు పంపిండు, పిల్ల పెండ్లి ఉన్నోన్ని పెండ్లికి పంపిండు. ఎవని ఆపతి ఏందో అడిగి తెలుసుకోని, దాంట్లనే వాన్ని పడగొట్టిండు.

తర్వాత ఎనుమాముల మార్కెట్ల మిరప బస్తాలు మోసిన, నడుము పోయేదాంక. మా ఇంటిది ఎన్నడూ దెప్పలే. ఒక్కసారి మాత్రం, "ఆ తొమ్మిది గంపలు ఈన్నే అమ్ముకుంటే బర్రె వచ్చేది" అన్నది. ఇద్దరం నవ్వినం.

ఆయనతోని నాకైన మేలు లేదనను. ఏ కాయితమైన ఇప్పుడు రెండుసార్లు సదువుత. ఒకసారి నా దిక్కు నుంచి, ఒకసారి రాసినోని దిక్కు నుంచి. హాజరు పుస్తకాలు రాసే పిల్లలు ఎవలన్న ఇది సదివితే ఒక్కటే చెప్త. మనిషిని ఏ వరుసల రాయాల్నో ఆ వరుసల రాయుండ్రి. దయ చూపకుండ్రి. దయ మాకొద్దు.

సారును సాగనంప మట్టికి నేను పోయిన. వాకిట్ల పాత మిల్లోల్లం నలుగురమే ఉన్నం, అందరం ముసలోల్లమే. సారు కొడుకు వచ్చి చేతులు జోడిచ్చి, "నాయినకు మీరంటే పానం కాక. వాకిలి గల్మ దాటేదాంక మీరు నలుగురు భుజం పట్టుండ్రి" అన్నడు. ముగ్గురు పోయి పాడె కట్టెలు పట్టిండ్రు. నాలుగో కట్టె నా ముందట్నే ఉండె.

"నేను పట్ట" అన్న.

కొడుకుకు అర్థం కాలే. "ఏందే కాక, నడుము నొప్పా?" అన్నడు.

"నొప్పి కాదు. పట్ట."

అప్పటికే ముగ్గురు లేపిండ్రు. నాలుగో మూల కిందికి వంగింది, పూలు ఆ పక్కకు జారినయి, సారు తల ఒరిగి మొఖం నా దిక్కు మల్లింది. ఎవలో ఉరికొచ్చి ఆ మూల అందుకునేదాంక నేను అట్లనే నిలవడి సూసిన. ఆయన మొఖం దిక్కు అంతసేపు సూసుడు నాకు అదే మొదలు.