రేడియో పాడవలేదని చెప్పినాయన

మా వార్తలు చదివే సారు మొన్న మంగళవారం పోయారు. ఆఫీసు వాట్సాప్ గ్రూపులో ఎవరో దండం బొమ్మ పెట్టారు. దాని కింద వరసగా దండాలే. ఒక్క మాట లేదు. నేనూ దండమే పెట్టి ఊరుకున్నాను. ఇప్పుడిది రాయడం అందుకే.

ఢిల్లీలో ప్రభుత్వ రేడియోలో అటెండరుగా చేశాను. తెలుగు వార్తల కాగితాలు స్టూడియోకి పట్టుకెళ్లడం నా పని. సారు పర్మనెంటు కాదు. నెలనెలా డ్యూటీ చార్టులో పేరుంటేనే ఆయనకి మైకు. పాతికేళ్లు అలాగే చదివారు. వార్తలో కొత్త ఊరి పేరొస్తే అక్కడి పోస్టాఫీసుకి ఫోన్ చేసి, ఎలా పలకాలో కనుక్కునేవారు. "వాళ్లు పిలుచుకున్నట్టే మనమూ పిలవాలి" అనేవారు.

నాలుగేళ్ల కిందట మన్యంలో ఒక చిన్న ట్రాన్స్‌మిటర్ మూసేయమని పైనుంచి కాగితం వచ్చింది. నిధులు లేవట. అదే వారం, పెద్దల ప్రసంగాలు చూడ్డానికి మా వరండాలో గోడంత టీవీ బిగించారు. ట్రాన్స్‌మిటర్ ఆపే ముందు రోజు వార్తల చివర సారు మూడు వాక్యాలు చేర్చారు. వార్తలు సరిచూసే అధికారి వాటిని ఎర్ర పెన్నుతో కొట్టేసి, మనింటి విషయం మైకులో దేనికన్నాడు.

సారు నావైపు తిరిగారు. "మీ ఊళ్లో రేడియో పలక్కపోతే ఏం చేస్తారయ్యా?"

"కొత్త సెల్లులు వేస్తారండి. అప్పటికీ పలక్కపోతే రిపేరుకి పట్నం తీసుకెళతారు."

ఆయన లోపలికెళ్లి ఆ మూడూ చదివేశారు. "మన్యం శ్రోతలకు రేపటి నుంచి ఈ వార్తలు వినపడవు. మీ రేడియో పాడవలేదు. ఆపింది మేమే."

కాగితం మీద ఎర్ర గీత ఉందా లేదా అని అధికారి నన్ను నిలదీశాడు. ఉందన్నాను. సారు ఎందుకు చదివారో మాత్రం చెప్పలేదు. తర్వాతి నెల చార్టులో ఆయన పేరు లేదు. మళ్లీ ఎప్పుడూ రాలేదు. వాళ్లనంటే సరిపోదు, నన్ను చూసినా నాకు రోతే. సారు మాత్రం తాము ఉండే మయూర్ విహార్‌లో కనబడ్డప్పుడల్లా "భోంచేశావా?" అనే అడిగారు.

నిన్న ఆఫీసులో సంతాప సభ. అదే అధికారి సారుని నిర్భయమైన గొంతు అన్నాడు, ఫోన్లో చూసి చదువుతూ. సమోసాలు అయ్యాయి, హాలు ఖాళీ అయింది. దండేసిన సారు ఫోటో కుర్చీలోనే ఉండిపోయింది. ఇంకో మీటింగుంది, దీన్ని తీసేయండి అంకుల్ అన్నాడు గార్డు.

సారింట్లో అమ్మగారికి ఇద్దామని దండతో సహా తీసుకుని మెట్రో ఎక్కాను. తలుపు దగ్గర నిలబడ్డాను. జనం చూస్తున్నారు. యమున వచ్చేసరికి, సారుకి నది కనబడేట్టు ఫోటోను తలుపు అద్దం వైపు తిప్పి పట్టుకున్నాను. బంతిపూలు ఒక్కొక్కటే ఎవరి చెప్పుల మీదో రాలుతున్నాయి.