మునిరత్నం జుట్టూ మూడింజన్ల విమానమూ

ముందే చెప్పేస్తున్నాను, నేను కాస్త పెంచి చెప్పే రకం. మా ఇంట్లో సాంబారు పొంగితే వీధి కొట్టుకుపోయిందంటాను. కాబట్టి ఎక్కడికక్కడ ఓ పావు వంతు తగ్గించుకుని చదువుకోండి. ఇందులో అచ్చంగా కల్పించింది ఏదో చివర్లో నేనే చెబుతాను, వెతుక్కునే శ్రమ మీకొద్దు.

అది 1983. ఇల్లు తిరుపతిలో, ఉద్యోగం మద్రాసులో, విమానాల మెకానిక్‌గా. మా కంపెనీది చార్టర్ వ్యాపారం. బస్సులాగా రోజూ ఒకే వేళకు నడిచేది కాదు. పెళ్ళికి వ్యాను మాట్లాడుకున్నట్టు విమానం మొత్తాన్ని మాట్లాడుకున్నవాళ్ళను ఎక్కించుకుని, వాళ్ళు చెప్పిన దేశంలో దించి రావడం. మాకున్నది ఒక్కటే పెద్ద జెట్టు. తోక దగ్గర మూడింజన్లు. అది మీనంబాకం ఎయిర్‌పోర్టులో గొంతు సవరించుకుంటే తిరుత్తణిలో పాలు విరిగిపోయేవి.

ఆ కాలపు జెట్టులో పైలట్లు ఇద్దరే కాదు, వాళ్ళ వెనకాల మూడో మనిషి ఉండేవాడు. ఆయన్ని ఫ్లైట్ ఇంజనీర్ అంటారు. పక్కకు తిరిగి కూర్చుని, గోడనిండా ఉన్న మీటర్ల ముళ్ళనూ మీటలనూ చూస్తూ, ఏ ఇంజన్ ఎంత వేడెక్కింది, ఏ ట్యాంకులో ఎంత చమురుంది అని కనిపెట్టుకుని ఉండటం ఆయన పని. మా విమానంలో ఆ కుర్చీ మునిరత్నానిది. పలమనేరు మనిషి, పాడిపశువుల ఇల్లు. నాకంటే కొంచెం పెద్దవాడు గనక నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను అప్పా అనేవాడు. ఆ ముళ్ళు ఎంతగా ఒంటబట్టాయంటే, భోజనానికి కూర్చుంటే పొట్ట తడుముకుని ఎడమ ట్యాంకు నిండింది, ఇంక కుడి ట్యాంకులో పొయ్యమనేవాడు.

ఇక ఆయన జుట్టు సంగతి. అంతకు కొన్నేళ్ళ ముందు, తుపాను మబ్బుల్లోంచి దిగుతూ ఉండగా మూడింజన్లలో ఒకటి ఆగిపోయింది. మిగిలిన రెండింటితో క్షేమంగానే దిగారు. కానీ ఆ కాసేపట్లో మునిరత్నం కొండమీది సామికి మొక్కేసుకున్నాడు. ఈ విమానం ఎవరికీ ఏమీ కాకుండా తన కాలం నడిచి పక్కకు తప్పుకున్న దినం కొండకొచ్చి తలనీలాలిస్తా, అంతదాకా తలకు కత్తెర తగలనియ్యను అని.

తెలివైనవాడెవడైనా కిందికి దిగితే ఇస్తానని మొక్కుకుని, మర్నాడే తిరుపతి బస్సెక్కి పని ముగించుకుంటాడు. ఈయన తన జుట్టును తీసుకుపోయి విమానం ఆయుష్షుకు ముడిపెట్టినాడు. తను రిటైరయ్యేదాకా ఆ విమానం ఎగురుతుందని ధీమా. జుట్టు పెరిగింది. కొప్పు చుట్టి, దాన్ని కప్పేదానికి ప్రత్యేకంగా పెద్ద టోపీ కుట్టించుకున్నాడు. కొప్పు జారితే మూడో ఇంజన్ మీటకు చుట్టుకునేదని మద్రాసంతా చెప్పుకునేవాళ్ళు. మద్రాసంతా అంటే నేనే. పైలట్లు ఆయన్ని సామి అనేవాళ్ళు.

అలాంటి సమయంలో కంపెనీ కొత్త విమానం కొనాలనుకుంది. రెండే ఇంజన్లు, ఇద్దరే పైలట్లు. మూడో మనిషి చూసే ముళ్ళన్నీ కంప్యూటరే చూసుకుంటుంది.

బాగా ఎగిరేదాన్ని ఎందుకు తీసేస్తారని మా వీధిలో అందరూ నన్ను అడిగేవాళ్ళు. మూడింజన్లు తాగే చమురు రెండింజన్లు తాగవు. చార్టర్‌లో రేటు ముందే మాట్లాడుకుంటాం, తర్వాత చమురు ధర పెరిగితే అది కంపెనీ నెత్తినే. పాతదాని స్పేర్ పార్టులు దొరకవు. పైగా కొన్ని దేశాల్లో ఇంత రొద చేసేవాటిని దిగనివ్వమని అప్పటికే అంటున్నారు. మొదటి కారణం చెప్పేసరికే అడిగినవాళ్ళు కాఫీ తాగి లేచిపోయేవాళ్ళు.

పాతదాన్ని ఒకసారి పూర్తిగా విప్పి బాగుచేయిస్తే ఇంకొన్నేళ్ళు నడుపుకోవచ్చా అని కంపెనీ మెకానిక్‌లను అడిగింది. ఆ మెకానిక్‌లలో నేనూ ఒకణ్ణి. ఈ సంగతి తెలిసి, నేను సెలవుకు తిరుపతి వచ్చినప్పుడు మునిరత్నం మా ఇంటికి వచ్చాడు. కూడా వాళ్ళ నాయన. ఆ పెద్దాయన ఇంట్లోకి రమ్మన్నా రాకుండా వసారాలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు.

"నువ్వు ఊ అంటే అది ఇంకా ఎగురుతాదప్పా," అన్నాడు మునిరత్నం. "అది పోతే నా కుర్చీ పోయినట్టే గదా. కొత్తదాంట్లో నాకు యాడుండాది చోటు?"

నేను నీళ్ళు నమిలి, దానికి సైకిల్స్ ఎక్కువైపోయినాయన్నా అన్నాను.

పెద్దాయన తలెత్తి, "విమానంలో సైకిళ్ళు ఎందుకు ఎక్కించినార్రా?" అని అడిగాడు.

మాలో ఒక్కరమూ నవ్వలేదు. సైకిల్ అంటే ఒకసారి ఎక్కి దిగడం అని ఆయనకు చెప్పాను. పైకి పోయినప్పుడు లోపల గాలి నింపుతారు, విమానం ఒళ్ళు ఉబ్బుతుంది. దిగితే మళ్ళీ తగ్గుతుంది. కొలిమి తిత్తి ఎన్నేళ్ళదని కాదు, ఎన్నిసార్లు ఊదినామనే కదా చూసుకుంటాం. మా జెట్టు రేకులో రివెట్ల చుట్టూ సన్నగా పగుళ్ళు మొదలయ్యాయి. రివెట్ అంటే రెండు రేకుల్ని కలిపి పట్టుకునే చిన్న మేకు. ఇప్పటికి మాట్లు వేస్తున్నాం. ఇంకెంతకాలమో ఎవరూ చెప్పలేరు.

మునిరత్నానికి ఇవన్నీ నాకంటే బాగా తెలుసు. అయినా, "మా ఇంట్లో వట్టిపోయిన ఆవును కూడా అమ్మింది లేదు. ఉండనిస్తాం," అన్నాడు.

"ఆవు నూటేబైమందిని ఎక్కించుకుని ఎగరదు కదన్నా."

పెద్దాయన కొడుకును మెల్లగా అడిగాడు. "నువ్వు సామికి ఏమని మొక్కుకున్న్యావురా? సరిగ్గా చెప్పు."

"ఎవురికీ ఏమీ కాకుండా తప్పుకున్న దినం తలనీలాలిస్తానని."

"ఇప్పుడు ఎవురికైనా ఏమైనా అయిందా?"

"లేదు నాయనా."

"సూడు మరి. సామి నీ మాట విన్న్యాడు. నువ్వే వద్దంటా ఉండావు."

అంతే. మునిరత్నం లేచి నా భుజం మీద చెయ్యేసి, "ఉన్నది ఉన్నట్టు చెప్పప్పా కంపెనీకి," అన్నాడు. నేను ఉన్నది ఉన్నట్టే చెప్పాను. నా జీవితంలో పెంచకుండా చెప్పింది ఆ ఒక్కసారే.

పాత జెట్టు చివరిసారి దిగిన రోజున మునిరత్నం ఒక్కొక్క మీటా ఆపుకుంటూ వచ్చి, ఆఖరి దీపం ఆర్పి, కుర్చీని ముందుకు జరిపి దిగాడు. తర్వాత దాన్ని ఓ మూల నిలబెట్టి విప్పడం మొదలుపెట్టాం. తలుపు పక్కన ఊడిన రివెట్ ఒకటి నేను జేబులో వేసుకున్నాను.

ఇద్దరం కలిసి కొండెక్కాం. కల్యాణకట్టలో క్షురకుడు ఆ కొప్పు విప్పి చూసి, నలుగురికి సరిపోయేది నువ్వొక్కడివే తెచ్చినావే సామీ అని ఇంకో బ్లేడు తెప్పించుకున్నాడు. దర్శనం క్యూలో నేను రివెట్ తీసి ఆయన చేతిలో పెట్టి, విమానానికి జుట్టు లేదు కదన్నా, దాని తరఫున ఇది అన్నాను. ఆయన దాన్ని గుప్పిట్లో అట్లే పట్టుకుని, హుండీ దగ్గరికి వచ్చాక వేసేశాడు. బయటికి వచ్చి అలవాటు కొద్దీ టోపీ పెట్టుకున్నాడు. కొప్పుకు కుట్టించిన టోపీ, నున్నటి తల. సర్రున జారి ముక్కు దాకా వచ్చేసింది. ఆయన పగలబడి నవ్వాడు.

కొత్త విమానం వచ్చింది. మునిరత్నం పలమనేరులో పాలను చల్లబరిచే యంత్రాల దగ్గర పనిలో చేరాడు. అక్కడా గోడమీద ముళ్ళుంటాయి. మళ్ళీ కొప్పు పెంచలేదు.

ఎగరలేనిదాన్ని ఆపడానికి మెకానిక్ అక్కర్లేదు, అది తనంతట తానే ఆగిపోతుంది. ఇంకా ఎగరగలిగినదాన్ని ఆపమని చెప్పడానికే మాకు జీతమిచ్చేది. దాని వెనకాల ఒక మనిషి కుర్చీ పోతుందని తెలిసి కూడా చెప్పాలి. ఆ వసారాలో నేను నేర్చుకున్నది ఇదే.

ఇప్పుడు ఒప్పుకోవాల్సిన మాట. మీరు అనుమానించేది రివెట్‌నని నాకు తెలుసు. రివెట్ నిజం. కొప్పూ నిజమే, పావు వంతు తగ్గించుకుంటే. పెద్దాయన మాట అక్షరం మార్చలేదు. నేను కల్పించింది ఆ నవ్వు ఒక్కటే. టోపీ ముక్కు దాకా జారినాక మునిరత్నం చాలాసేపు దాన్ని పైకి ఎత్తుకోలేదు. నేనూ ఎత్తమనలేదు.